పెరిగే బిడ్డకు టక్కుల గౌను



సమూయేలు మొదటి గ్రంథము 2వ అధ్యాయము 19వ వచనంలో, కుట్టుపని చేసే స్త్రీలు మరచిపోలేని సంగతి ఒకటి ఉన్నది. హన్నా తన కుమారుని షిలోహులో యాజకుడైన ఏలీ దగ్గర విడిచి వెళ్లింది. ఆ తరువాత ప్రతి సంవత్సరం భర్తతో కలిసి అక్కడికి ప్రయాణమైనప్పుడు, బిడ్డ కోసం తన చేతులతో కుట్టిన చిన్న వస్త్రం ఒకటి ఆమె మూటలో ఉండేది.

సేవకులు ఈ భాగం నుండి హన్నా ప్రార్థన గురించి, ఆమె సమర్పణ గురించి ప్రసంగిస్తారు. కుట్టే స్త్రీకి మాత్రం మరొక ప్రశ్న తోస్తుంది. ఏడాదికి ఒక్కసారి కళ్లారా చూసే కొడుకుకు ఆ తల్లి కొలత ఎలా తీసుకొన్నది? నిరుడు చూసిన భుజాలకు ఎన్ని వేళ్ల వెడల్పు కలిపింది? బాలుడు ఎదుగుతూ వచ్చాడని అదే అధ్యాయం 26వ వచనం చెబుతున్నది. ఎదిగే బిడ్డకు బట్ట కుట్టడమంటే ఈ రోజు కనబడే ఒంటికి మాత్రమే కాదు, ఇంకా కనబడని ఒంటికి కూడా కుట్టడమే.

మన ఇళ్లలో క్రిస్మసు గౌను దగ్గర వచ్చే చిక్కు కూడా ఇదే. సరిగ్గా కొలతకు కుట్టిస్తే ఈస్టరు నాటికి మోకాలు దాటి పైకి పోతుంది. డబ్బు పోసి కొన్నది నాలుగు ఆదివారాలు కట్టకముందే పెట్టెలోకి వెళ్తుంది. అలాగని "పెరిగే పిల్లే కదా" అని రెండు సైజులు పెద్దది తెస్తే, భుజాలు జారి, అంచు కాళ్లకు అడ్డం పడి, ఆ పిల్ల సండే స్కూలు పిల్లల మధ్య వాక్యం అప్పజెప్పడానికి నిలబడేటప్పుడు సిగ్గుతో ముడుచుకుపోతుంది. మనం వచ్చే ఏడాదిని చూసుకొని కొంటాము. ఆమె మాత్రం ఈ ఏడాదిలోనే ఉన్నది.

ఈ రెండింటికీ నడుమ మూడో దారి ఒకటి ఉన్నది. ఈ రోజుకు సరిపోయేలా కుట్టి, రేపటికి కావలసిన గుడ్డను గౌనులోనే దాచిపెట్టడం. దాచినది అందంగా కనబడేలా దాచడం. దానినే టక్కు అంటాము. ఈ నెల మన శీర్షికలో దానినే నేర్చుకుందాం.

ఇది మనకు కొత్త కాదు

మన అమ్మమ్మల కాలపు పట్టు పరికిణీ ఎవరి ఇంట్లోనైనా ఉంటే అంచు పైభాగం తిప్పి చూడండి. చాలా పరికిణీలకు జరీ అంచు పైన ఒకటో రెండో మడతలు కుట్టి ఉంటాయి. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కొక్కటి విప్పేవారు. బడి యూనిఫారం లంగాలకు కూడా తల్లులు అలాగే చేసేవారు. 19వ శతాబ్దంలో ఐరోపా, అమెరికా దేశాల ఆడపిల్లల గౌనులకు అంచు మీద వరుసగా టక్కులు వేసి, పెరిగినప్పుడు విప్పడం సాధారణమైన అలవాటు. సాదా వస్త్రధారణకు పేరుపడిన ఆమిష్, మెన్నోనైట్ క్రైస్తవ కుటుంబాల స్త్రీలలో ఈ పద్ధతి చాలాకాలం నిలిచింది.

ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయము 4వ వచనం ఇశ్రాయేలీయుల బట్టలు అరణ్యంలో 40 సంవత్సరాలు పాతగిలలేదని చెబుతున్నది. అయితే అరణ్యంలో పెరిగిన పిల్లల మాటేమిటి? యూదుల ప్రసిద్ధ వ్యాఖ్యాత రాషీ (1040–1105) ఈ చోట ఒక పూర్వపు సంప్రదాయాన్ని చెబుతాడు. నత్తతో పాటు దాని గుల్ల పెరిగినట్లు, పిల్లలతో పాటు వారి బట్టలు కూడా పెరిగాయట. అది వ్యాఖ్యానమే గాని వాక్యము కాదు. అయినా దానిని తలచుకొన్నప్పుడు, ఆ ప్రశ్న అడిగినవారు పిల్లలను పెంచినవారే అయివుంటారనిపిస్తుంది. మన చేతిలో అద్భుతం లేదు. పావు మీటరు గుడ్డ ఉన్నది. దానితో ఏమి చేయగలమో చూద్దాం.

టక్కు అంటే ఏమిటి?

కుచ్చిళ్లు, ప్లీట్లు, టక్కులు ఒకటేనని కొందరు అనుకొంటారు. చీర కుచ్చిళ్ల వలె పైన మాత్రమే పట్టి ఉంచి, కింద వదిలేసిన మడత ప్లీటు. ఈ కొస నుండి ఆ కొస వరకు గుడ్డను మడిచి, మడత పొడవునా కుట్టువేస్తే అది టక్కు. అందుకే ప్లీటు కదులుతుంది, టక్కు కదలదు.

టక్కులలో పిల్లల బట్టలకు పనికివచ్చేవి ముఖ్యంగా రెండు. మొదటిది పిన్ టక్కు. గడ్డిపోచంత సన్నగా, అంగుళంలో ఎనిమిదో వంతు లోతుకు మించకుండా ఎద మీద నిలువుగా వేస్తారు. ఇది కేవలం అందానికి. రెండోది అంచు టక్కు. అర అంగుళం వెడల్పుతో గౌను కింది భాగం చుట్టూ అడ్డంగా వేస్తారు. ఇది అందానికీ, పెరుగుదలకూ కూడా.

ఒక్క సూత్రం గుర్తుంచుకొంటే చాలు. టక్కు ఎంత లోతు ఉంటే దానికి రెండింతల గుడ్డ పడుతుంది. అర అంగుళం టక్కులో అంగుళం గుడ్డ దాగి ఉంటుంది. విప్పిన రోజున ఆ అంగుళం తిరిగి వస్తుంది.

గుడ్డ ఎన్నుకోవడం

నూలు గుడ్డ అన్నిటికంటే మంచిది. పాప్లిన్, కేంబ్రిక్, వాయిల్, మెత్తని చేనేత, ఏదైనా సరే. గోరుతో మడత వేస్తే నిలిచే గుడ్డ టక్కుకు అనుకూలం. శాటిన్ వద్దు. దానిమీద సూది పడిన రంధ్రం విప్పిన తరువాత కూడా కనబడుతుంది. నైలాను నెట్టు, వెల్వెట్టు అసలే వద్దు.

నెట్టు గౌనుల గురించి మరొక మాట కూడా చెప్పాలి. క్రిస్మసు ముందు రాత్రి ఆరాధనలలో పిల్లల చేతికి కొవ్వొత్తులు ఇస్తాము. నిప్పు తగిలితే నూలు గుడ్డ కూడా అంటుకొంటుంది, కాదనము. కాని నైలాను కరిగి చర్మానికి అతుక్కొంటుంది. బుట్టబొమ్మలా పొంగి ఉండే నెట్టు లంగా పక్కవారి కొవ్వొత్తికి తేలికగా తగులుతుంది. మెరుపు కంటే బిడ్డ క్షేమం ముఖ్యం.

రంగు విషయంలో కూడా ముందుచూపు ఉండాలి. ముదురు ఎరుపు, నీలం గుడ్డ పదిసార్లు ఉతికేసరికి వెలుస్తుంది. టక్కు లోపల దాగిన గుడ్డ మాత్రం కొత్త రంగుతోనే ఉంటుంది. విప్పినప్పుడు చార కనబడుతుంది. తెలుపు, లేత రంగులు, లేదా చిన్న చిన్న పూల అచ్చు ఉన్న గుడ్డ తీసుకొంటే ఈ తేడా అంతగా తెలియదు.

అమ్మ పాత నేత చీరతో గౌను కుడితే చంటిబిడ్డ ఒంటికి ఎంతో మెత్తగా ఉంటుంది. కాని రెండు మూడేళ్లు నిలవవలసిన టక్కుల గౌనుకు అరిగిన గుడ్డ తగదు. టక్కు విప్పే సమయానికి గుడ్డే చిరిగిపోతుంది.

కొన్న గుడ్డను కత్తెర పెట్టకముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరవేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. కుదించుకుపోవలసినది ముందే కుదించుకుపోవాలి. ఈ పని చేయకుండా కుడితే మొదటి ఉతుకులోనే టక్కులు ముడతలు పడి లాగుకొనిపోతాయి.

కొలత, లెక్క

5 ఏళ్ల పాపకు నడుము దగ్గర అతుకు ఉన్న గౌను కుడుతున్నామని అనుకొందాం. నడుము నుండి కింది వరకు లంగా భాగం 14 అంగుళాలు రావాలి. మీ పాప కొలత వేరుగా ఉంటే ఈ 14 మాత్రమే మారుతుంది, మిగిలిన లెక్క అదే.

కావలసిన నిడివి 14 అంగుళాలు. అర అంగుళం లోతు టక్కులు మూడు, వాటికి 3 అంగుళాలు. కింద మడిచే అంచుకు 3 అంగుళాలు. నడుము కుట్టుకు అర అంగుళం. మొత్తం 20½ అంగుళాలు.

36 అంగుళాల పన్నా ఉన్న గుడ్డలో ఇలాంటి ముక్కలు రెండు, ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు. అంటే 41 అంగుళాలు, మీటరు కంటే కొంచెం ఎక్కువ. పై భాగం, పొట్టి చేతులు, వెనుక కట్టుకొనే పట్టీలతో కలిపి మొత్తం రెండు మీటర్లు తీసుకొంటే ఇరుకు లేకుండా సరిపోతుంది.

ఇందులో పెరుగుదల కోసం అదనంగా పెట్టినది ఎంత? మామూలు గౌనుకు అంచు అంగుళం మడుస్తాము. ఇక్కడ 2 అంగుళాలు ఎక్కువ మడిచాము. టక్కులకు 3 అంగుళాలు. ఒక్కొక్క ముక్కకు 5 అంగుళాల చొప్పున రెండింటికి 10 అంగుళాలు. అంటే పావు మీటరు. ఆ పావు మీటరుకు బదులుగా ఎంత వస్తుంది? టక్కులు విప్పితే 3 అంగుళాలు, అంచు దింపితే 2 అంగుళాలు, వెరసి 5 అంగుళాల నిడివి.

4 నుండి 10 ఏళ్ల లోపు పిల్లలు ఏడాదికి సుమారు 5 నుండి 6 సెంటీమీటర్లు, అంటే రెండు అంగుళాలకు పైగా ఎదుగుతారు. గౌను నిడివిలో అది సుమారు అంగుళంన్నర లోటుగా కనబడుతుంది. ఆ లెక్కన ఈ గౌను రెండేళ్లు నిశ్చింతగా, పిల్ల సన్నగా ఉంటే మూడో ఏడు కూడా నిలుస్తుంది.

గుర్తులు పెట్టడం

టక్కుల అందమంతా గుర్తులలోనే ఉన్నది. కుట్టు వచ్చినా గుర్తులు వంకరైతే గౌను వంకరే. ముందుగా గుడ్డ అడ్డపు అంచున ఒక పోగు లాగండి. పోగు లాగిన చోట సన్నని గీత పడుతుంది. ఆ గీత వెంట కత్తిరిస్తే అంచు తిన్నగా ఉంటుంది.

తరువాత ఇంట్లో ఉన్న పాత శుభలేఖ అట్ట ఒకటి తీసుకోండి. ఒక అంగుళం వెడల్పు, 12 అంగుళాల పొడవు గల పట్టీ కత్తిరించండి. శుభలేఖ చాలకపోతే క్యాలెండరు అట్ట మంచిది. దాని ఒక కొస నుండి 3, 7, 9, 11 అంగుళాల దగ్గర చిన్న గాట్లు పెట్టండి. ఇదే మీ కొలబద్ద. టేపు ప్రతిసారి పరచి చూడనక్కరలేదు, తప్పు పోదు.

ముందు, వెనుక ముక్కలను రెండు పక్కలా కలిపి కుట్టి, లంగాను గుండ్రంగా చేయండి. కేవలం అందం కోసం వేసే టక్కులైతే పక్క కుట్టు వేయకముందు, గుడ్డ పరచి ఉండగా వేయడం సులువు. కాని మనం ముందుముందు విప్పబోతున్నాము. పక్క కుట్టులో టక్కు కొస చిక్కుకొంటే, టక్కు విప్పడానికి పక్క కుట్టు కూడా విప్పవలసి వస్తుంది. కాబట్టి పక్కలు ముందు, టక్కులు తరువాత.

ఇప్పుడు కొలబద్ద కొసను లంగా కింది అంచుకు ఆనించి, ప్రతి గాటు దగ్గర సుద్దతో చుక్క పెట్టండి. రెండు అంగుళాలకొకసారి జరుపుకొంటూ చుట్టూ తిరగండి. చుక్కలను కలిపితే నాలుగు వరుసలు వస్తాయి. 3 అంగుళాల వరుస అంచు మడిచే చోటు. 7, 9, 11 వరుసలు మూడు టక్కుల మడత గీతలు.

ఈ పద్ధతి తిన్నని గుడ్డను కుచ్చు పెట్టి కుట్టే గౌనుకే. అంబ్రెల్లా కట్ గౌను అంచు వంపుగా ఉంటుంది కాబట్టి దానికి ఇది కుదరదు.

కుట్టడం

7 అంగుళాల గీత మీద గుడ్డను మంచివైపు పైకి వచ్చేలా మడిచి, చుట్టూ ఇస్త్రీ చేసి గుండుసూదులు పెట్టండి. మడత నుండి సరిగ్గా అర అంగుళం దూరంలో కుట్టు వేయండి. మిషను పలక మీద సూది నుండి అర అంగుళం దూరంలో ప్లాస్టరు ముక్క అంటించుకొని, మడతను దాని వెంట నడిపితే కుట్టు తిన్నగా వస్తుంది. టక్కును కిందికి వాల్చినప్పుడు బయటికి కనబడే వైపు మీకు పైన ఉండేలా పట్టుకొని కుట్టండి. పైదారం కుట్టు ఎప్పుడూ చక్కగా ఉంటుంది.

తరువాత 9, ఆపైన 11. మూడూ అయ్యాక కిందికి వాల్చి ఇస్త్రీ చేస్తే, ఒక టక్కు కొసకూ దాని కింది టక్కు కుట్టుకూ మధ్య అర అంగుళం ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో సన్నని లేసు వేసుకోవచ్చు. గోదావరి ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పిన క్రోషే పని నేటికీ నర్సాపురం చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు కూడు పెడుతున్నది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒక గజం లేసు కొంటే మన సోదరి ఒకామె చేతికి పని ఇచ్చినవారమవుతాము.

మామూలు అతుకులకు అంగుళానికి 10, 12 కుట్లు పడేలా మిషను పెట్టుకొంటాము. అంచు టక్కులకు మాత్రం 6 నుండి 8 కుట్లు చాలు. కుట్టు పెద్దదైతే విప్పేటప్పుడు గుడ్డ నలగదు. అంచును మిషనుతో కాక చేతితో హెమ్మింగ్ చేయండి. అదీ విప్పవలసినదే కదా.

మిషను లేని సోదరీమణులు నిరుత్సాహపడనవసరం లేదు. లంగా చుట్టుకొలత సుమారు 70 అంగుళాలు. మూడు టక్కులకు 210 అంగుళాలు, అయిదు మీటర్లకు పైగా కుట్టాలి. చేతితో సన్నని పరుగు కుట్టు వేస్తే మూడు నాలుగు సాయంత్రాల పని. విప్పడానికి చేతికుట్టే అన్నిటికంటే తేలిక.

పై భాగం కూడా పెరగాలి

కింది భాగం ఎంత పెరిగినా పై భాగం బిగుసుకొంటే గౌను పనికిరాదు. అందుకు మూడు జాగ్రత్తలు. చంక కింద పక్క కుట్లలో లోపల ఒక అంగుళం గుడ్డ వదలండి. వెనుక గుండీల పట్టీలు ఒకదానిమీద ఒకటి అంగుళంన్నర ఎక్కేలా కత్తిరించండి, గుండీలు తరువాత జరుపుకోవచ్చు. పై భాగాన్ని ఒక అంగుళం నిడివి ఎక్కువ కత్తిరించి, నడుము అతుకుకు కొంచెం పైన లోపలివైపుకు అర అంగుళం టక్కు వేయండి. బయటికి కనబడే కుట్టు గీతను నడుము పట్టీ కప్పేస్తుంది. పాప నడుము కిందికి దిగినప్పుడు ఈ టక్కు విప్పితే గౌను నడుము కూడా దిగుతుంది.

ఎద మీద పిన్ టక్కులు వేయాలనుకొంటే, ముందుగా గుడ్డ ముక్కమీద టక్కులు కుట్టి, ఆ తరువాతనే కాగితపు నమూనా పెట్టి కత్తిరించాలి. నడుమ కొంత చోటు వదిలి ఆ వైపు 5, ఈ వైపు 5 వేస్తే అందంగా ఉంటుంది. ఒక్కొక్కటి ఎనిమిదో వంతు లోతు కాబట్టి పావు అంగుళం గుడ్డ పడుతుంది. పదింటికి రెండున్నర అంగుళాలు. కత్తిరింపులో కొంత పోతుంది గనుక నమూనా వెడల్పు కంటే మూడున్నర అంగుళాలు ఎక్కువ ఉన్న ముక్క తీసుకోండి. కుడివైపువి కుడికి, ఎడమవైపువి ఎడమకు వాలేలా ఇస్త్రీ చేయండి.

విప్పే రోజు

గౌను మోకాలి పైకి వచ్చినప్పుడు అన్నిటికంటే పైనున్న టక్కు ముందుగా విప్పండి. లోపలివైపున ప్రతి నాలుగో కుట్టును కత్తెర మొనతో తెంపి, బయటి దారం మెల్లగా లాగితే మొత్తం ఊడివస్తుంది. బలవంతంగా చింపవద్దు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే సూది రంధ్రాలు మూసుకొంటాయి. మడత గీత మొండిగా ఉంటే నీళ్లలో కొంచెం తెల్ల వెనిగరు కలిపి తడిపి ఇస్త్రీ చేయండి. రంగు గుడ్డైతే ముందు ఒక మూలన పరీక్షించి చూడాలి. అప్పటికీ గీత కనబడితే దానిమీద రంగుదారంతో గొలుసుకుట్టు వేయండి, లేదా సన్నని రిబ్బను పెట్టండి. మచ్చ ఉన్న చోటే పువ్వు పూస్తుంది.

ఈ పని పిల్ల నిద్రపోయాక చేయకండి. పక్కన కూర్చోబెట్టుకొని ఆమె చేతనే దారం లాగించండి. "నువ్వు ఇంత పెరిగావు, చూడు" అని విప్పిన అంగుళాన్ని చూపించండి. కొత్త గౌను కొనలేకపోయామన్న బాధ తల్లికి ఉండవచ్చు. కాని ఆ పిల్లకు అది లేమిగా తోచదు. ఎదిగిన గుర్తుగా తోస్తుంది. అక్క గౌను చెల్లెలికి ఇచ్చేటప్పుడు కూడా ఇలాగే చేయండి. విప్పిన టక్కులు మళ్లీ వేసి, లేసు రంగు మార్చి, చెల్లెలి కొలతకు తెచ్చి ఇవ్వండి. తనకోసం అమ్మ కూర్చుని కుట్టినదని తెలిస్తే, పాతదని చిన్నబుచ్చుకొనే పిల్ల అరుదు.

అలంకారము తగునా?

విశ్వాసులమైన మనకు ఇన్ని టక్కులు, లేసులు ఎందుకు అని అడిగే పెద్దలు మన సంఘాలలో ఉన్నారు. వారి మాటను తేలికగా తీసివేయకూడదు. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో, తిమోతి మొదటి పత్రిక 2వ అధ్యాయంలో వెలుపటి అలంకారం గురించిన హెచ్చరిక స్పష్టంగా ఉన్నది. పండుగ గౌను కోసం అప్పుచేసి, ఇతర పిల్లలతో పోటీకి పంపే తల్లికి ఆ హెచ్చరిక తగులుతుంది.

అయితే అహరోను వస్త్రం అంచున నీల, ధూమ్ర, రక్తవర్ణపు దారంతో దానిమ్మపండ్ల వంటివి చేసి పెట్టమని ఆజ్ఞాపించినవాడు కూడా దేవుడే. నిర్గమకాండము 28వ అధ్యాయం చదవండి. ప్రత్యక్షపు గుడారానికి దారం వడికిన స్త్రీల నేర్పును 35వ అధ్యాయం ప్రత్యేకంగా చెబుతున్నది. నేర్పు పాపం కాదు. ఆ నేర్పు ఎవరికి మేలు చేస్తున్నదన్నదే ప్రశ్న. అంచు టక్కు చూపుకు అలంకారంగా ఉంటుంది గాని, దాని లోపల ఉన్నది తల్లి ముందుచూపు. పైకి కనబడే అందం కంటే లోపల దాచినది విలువైనది. బట్టకైనా మనిషికైనా అలాగే ఉండాలి.

దొర్కా జ్ఞాపకార్థం

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ ఆమె కుట్టిన బట్టలను చూపించారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చెబుతున్నది. ఆమెను గురించి సాక్ష్యం చెప్పడానికి వారికి వేరే మాటలు అక్కరలేకపోయాయి. కుట్లే సాక్ష్యమిచ్చాయి.

మన సంఘంలో తండ్రి లేని పిల్ల ఒకతె, కూలిపనికి వెళ్లే తల్లి బిడ్డ ఒకతె తప్పక ఉంటుంది. క్రిస్మసుకు వారికి మనం బట్టలు ఇస్తూనే ఉన్నాము. చాలాసార్లు కొలత తెలియక ఏదో ఒక సైజు తెచ్చి చేతిలో పెడతాము. ఈసారి ఆదివారం ఆరాధన తరువాత ఆ పిల్లను దగ్గరకు పిలిచి కొలత తీసుకోండి. మీ పాపకు కుట్టినట్లే మూడు టక్కులు వేసి కుట్టండి. వచ్చే ఏడాది మళ్లీ పిలిచి, ఒక టక్కు విప్పి ఇవ్వండి. ఇచ్చి మరచిపోకుండా, ఆ బిడ్డ ఎంత ఎదిగిందో చూడడానికి అది మంచి సాకు. హన్నాకు దొరికినది ఏడాదికి ఒక్కరోజు. మన బిడ్డలు, మన సంఘపు బిడ్డలు ప్రతి ఆదివారం మన కళ్లముందే ఉన్నారు.

వచ్చే నెల మగపిల్లల చొక్కా కాలరు అరిగినప్పుడు దానిని విప్పి తిరగవేసి కుట్టే పద్ధతి చూద్దాం. పాత చొక్కా ఒకటి దగ్గర పెట్టుకోండి.

ప్రభువు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక. ఆమేన్.